పొగగొట్టము నుండి పొలమునకు



ఒక పుష్యమాసపు తెల్లవారుజామున మేము పటాన్‌చెరువు దాటి, బొంబాయి రహదారి విడిచి, నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోయి ఒక పల్లెలో దిగితిమి. మంచు ఇంకను విడలేదు. మంచును పొగయు కలిసి చెట్ల తలలమీద పలుచని దుప్పటివలె పరచుకొని యున్నవి. ఒక ఇంటి పెరటిలో చిక్కుడు పందిరి క్రింద ఒక అవ్వ కాయలు కోయుచున్నది. మేము ధ్వనిముద్రణ యంత్రము తెరచి పంటలను గూర్చి అడుగబోగా, ఆమె బదులు చెప్పక, ఒక ఆకు త్రుంచి, బొటనవ్రేలితో రుద్ది, ఆ వ్రేలు మా ముందు పెట్టినది. వ్రేలు నల్లబడి యున్నది.

"గీ మసి దినాం పడ్తది బిడ్డా. కడిగితే పోతదా?" అని అడిగినది.

ఆనాడు మేము తడుముకొనుచు చెప్పిన సమాధానము సరియైనది కాదు. "పోవును లేవమ్మా" అని చెప్పి, యంత్రము సర్దుకొని వచ్చితిమి. అటుపిమ్మట తెలిసినవారిని అడిగి, చదువవలసినవి చదివి, ఆ సమాధానమును దిద్దుకొనవలసిన వారమైతిమి. ఈ ప్రసంగము ఆ దిద్దుబాటే. ఆకుమీద పడినది కడిగినచో చాలవరకు పోవును. నేలమీద పడినది పోదు. ఎందుకు పోదో, పోనిచో మనమేమి చేయవలెనో చెప్పుటకు యత్నింతుము.

ముందు పేర్లు చెప్పుకొందము. సీసము, కాడ్మియము, పాదరసము, క్రోమియము, నికెలు, రాగి, యశదము మున్నగువానిని భారలోహములందురు. పాషాణము, అనగా ఆర్సెనిక్కు, రసాయనశాస్త్రరీత్యా పూర్తిగా లోహము కాకున్నను, అది చేయు పనినిబట్టి దానినిగూడ ఈ పంక్తిలోనే కూర్చుండబెట్టుట వాడుక. వీనిలో కొన్ని మనకు పరాయివి కావు. యశదము చాలనిచో వరిపైరు తుప్పురంగు తిరుగునని రైతులెల్లరు నెరుగుదురు. రాగియు కొద్దిపాటి మన దేహమునకు కావలసినదే. సీసమునకు, కాడ్మియమునకు, పాదరసమునకు మాత్రము మన శరీరములో చేయదగిన పని యేదియు లేదు. పొలముమీద చల్లిన పురుగుమందులు పెక్కు ఎండకు, సూక్ష్మజీవులకు లోబడి కొంతకాలమునకైనను విరిగిపోవును. లోహము మూలపదార్థము, దానిని విరుచుటకు నేలలోని యే జీవికిని శక్తి లేదు. దాని రూపము మారును, చోటు మారును. అది నశించుట మాత్రము లేదు.

పటాన్‌చెరువు నిన్న మొన్న పుట్టిన ఊరు కాదు. కల్యాణి చాళుక్యుల శాసనములలో కానవచ్చు పొట్టలకెరె ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. కన్నడములో కెరె యన్నను చెరువే. ఊరి పేరు ఆనాడును చెరువుమీదనే, ఈనాడును చెరువుమీదనే నిలిచి యున్నది. 1972లో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ, మనము ఇక్రిశాట్ అని పిలుచుకొనునది, ఇచ్చట వెలసినది. ఒకే ఆవరణలో ఎఱ్ఱనేలయు నల్లరేగడియు దొరకుట ఈ చోటి విశేషము. మృత్తికాశాస్త్రజ్ఞులు ఇచ్చటి ఎఱ్ఱనేల తరగతికి పటాన్‌చెరు శ్రేణి యనియు, నల్లనేల తరగతికి కాసిరెడ్డిపల్లి శ్రేణి యనియు పేర్లు పెట్టిరి. దేశదేశముల వ్యవసాయ పరిశోధనా పత్రములలో మన పల్లెల పేర్లు ఇట్లు నేలల పేర్లుగా చెలామణి యగుచున్నవి. అట్టి గౌరవము ఎన్ని ఊళ్లకు దక్కును!

ఆ దశాబ్దముననే, ఆ పరిశోధనా క్షేత్రమునకు చేరువలోనే, పరిశ్రమల పేటయు లేచినది. రాజధాని దాపున నుండుట, భూమి చౌకగా దొరకుట, వెనుకబడిన ప్రాంతములకు ప్రభుత్వమిచ్చు రాయితీలు, ముందుగుండ పోవు పెద్ద రహదారి యివి యన్నియు పారిశ్రామికులను పిలిచినవి. 1980లో శ్రీమతి ఇందిరాగాంధి మెదకు నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైన పిమ్మట ఆ రాక మరింత హెచ్చినది. పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము, కాజిపల్లి, గడ్డపోతారము ఒకదాని వెంట నొకటి నిండినవి. మందులు, పురుగుమందులు, అద్దకపు రంగులు, పెయింటులు, లోహములకు పూతలు, ఉక్కు కడ్డీలు, నూలు – వీనిని తయారుచేయు కర్మాగారములు వందల సంఖ్యలో వచ్చినవి. వేలాది కుటుంబములకు వానివలన కూడు దొరకినది. ఆ మాట మరచి మాటలాడుట న్యాయము కాదు. మేము మాటలాడిన ఇండ్లలో పొలము చెడినదని వగచు తండ్రియు, కర్మాగారములో జీతము తెచ్చు కుమారుడును ఒకే గడపలో నుండుట చూచితిమి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి ఈ ప్రాంతము మెదకునుండి విడివడి సంగారెడ్డి జిల్లాలో చేరినది. పొగకు మాత్రము ఆ సరిహద్దు తెలియదు.

లోహము బరువైనది కదా, అది గాలిలో నెట్లు ఎగురునని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. ఇనుపతుక్కు కరిగించు కొలిమిని తలచుకొనుడు. తుక్కులో యశదపు పూత గల రేకులుండును, సీసము కలిసిన పాతరంగులు పూసిన గొట్టములుండును, ఏవేవో యంత్రభాగములుండును. ఉక్కు కరుగుటకు ఇంచుమించు 1500 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. కాడ్మియము 767 డిగ్రీలకే మరిగి ఆవిరియగును. యశదము 907 డిగ్రీలకే ఆవిరియగును. అనగా కొలిమిలో ఉక్కు ఇంకను గడ్డకట్టి యుండగానే ఇవి పొగతో కలిసి లేచిపోవుచున్నవి. సీసము మరుగుటకు 1749 డిగ్రీలు కావలెను గాని, అంతకు చాల తక్కువ వేడిలోనే దానినుండి కొంత ఆవిరి లేచును.

ఈ ఆవిరి పొగగొట్టములో పైకి పోవుచు చల్లబడును. చల్లబడి గట్టిపడుటకు దానికొక ఆసరా కావలెను. ఆ ఆసరా ధూళికణము. కణము ఎంత చిన్నదైన, దాని బరువుతో పోల్చినపుడు దాని ఉపరితలము అంత విశాలము. అందుచే లోహము సన్నని ధూళినే హెచ్చుగా పట్టుకొనును. ఇందులోని తంటా యిదియే. గుడ్డసంచుల వడపోతలు, విద్యుత్తుతో ధూళిని లాగు యంత్రములు, నీటిజల్లుతో పొగను కడుగు గోపురములు కర్మాగారములలో అమర్చుదురు. అవి ముతక ధూళిని సులువుగా పట్టును. వేయింట నొక మిల్లీమీటరు కన్న సన్ననైన ధూళిని పట్టుటకే శ్రమపడును. లోహము దాగిన చోటు ఆ సన్నని ధూళియే. ఈ యంత్రములు నడుచుటకు విద్యుత్తు ఖర్చగును. సంచులు చినిగినపుడు మార్చవలెను. రాత్రివేళ పొగ చిక్కనగునని మాకు పల్లె పల్లెన చెప్పిరి. దానికి రాత్రిగాలి చల్లబడి క్రిందికి దిగుట ఒక కారణము కావచ్చును. అది యొక్కటియే కారణమని మేము నమ్మజాలము.

కొలిమి యొక్కటియే కాదు. ఆవిరి పుట్టించు బాయిలర్లలో కాల్చు బొగ్గునందు స్వల్పముగా పాషాణము, సీసము, పాదరసము ఉండనే యుండును. పాదరసము ఆవిరిగా పోవును. తక్కినవి చాలవరకు బూడిదలో మిగులును, ఆ బూడిద గాలికి లేచును. రహదారిమీద పోవు బండ్ల చక్రముల రబ్బరునుండి యశదము, బ్రేకుల అరుగుదలనుండి రాగి రాలుచుండును. 2000 ఫిబ్రవరి మొదటితేదీతో మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిచినది. అంతకుముందు దశాబ్దములపాటు ప్రతి మోటారుబండియు సీసమును వెదజల్లుచు తిరిగినది. ఆ సీసము రోడ్డుప్రక్క మట్టిలో నేటికిని ఉన్నది. ఇవికాక, బయట గుట్టలుగా పోసిన వ్యర్థముల సంగతి యొకటి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు కాటేదాను పారిశ్రామిక వాడ మట్టిని పరీక్షించి 2008లో వెలువరించిన పత్రమున, అపాయకరమైన వ్యర్థములను ఎక్కడపడిన నక్కడ పారబోయుటయు, వానను గాలిని ఆసరా చేసికొని అవి వ్యాపించుటయు ముఖ్యకారణములుగా చెప్పిరి. అదే సంస్థవారు పటాన్‌చెరువు పారిశ్రామిక ప్రాంతపు మట్టిలో భారలోహముల కలుషితమును గూర్చి 2001లోనే ఒక పత్రము ప్రకటించి యున్నారు. గాలి దోషమేది, నీటి దోషమేది, గుట్ట దోషమేది యని నేలమీద గీత గీసి చెప్పుట ఎవ్వరికిని సులభము కాదు. మూడును ఒకే మట్టిలో కలిసినవి.

ఎగిరినది దిగవలెను గదా. దిగుటకు రెండు త్రోవలు. ముతక కణములు పొగగొట్టమునకు దగ్గరలోనే తమ బరువుచేత రాలును. సన్ననివి మైళ్లకొలది పోయి, వానచినుకును పట్టుకొని దిగును. ఈ ప్రాంతమున ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన కురియును. అందు మిక్కిలి భాగము జూన్ మొదలు అక్టోబరు లోపలనే. నాలుగైదు నెలలు గాలిలో పేరుకొన్న దానిని తొలకరి జల్లు ఒక్కసారిగా కడిగి దింపును. తొలివానలో తడియుట మంచిదని పిల్లలను బయటికి తోలు పెద్దలు ఈ చుట్టుప్రక్కల నుండినచో వారితో మేము కొంచెము వాదింపవలసి యుండును. వానకాలమున గాలి పడమటినుండి తోలును. చలికాలమున తూర్పు, ఈశాన్యములనుండి వీచును. కావున పేటకు ఈ ప్రక్క నున్నవారికి ఒక ఋతువున, ఆ ప్రక్క నున్నవారికి మరియొక ఋతువున వంతు ముట్టుచున్నది. చలికాలపు రాత్రులలో నేలనంటిన గాలి చల్లగాను, పైగాలి వెచ్చగాను ఉండి, మూతవేసిన కుండలోని ఆవిరివలె పొగ క్రిందనే నిలిచిపోవును. ఆనాడు పందిరిమీద మేము చూచినది ఆ మూతక్రింది పొగనే.

ఇక నేల సంగతి. ఇందులోనే అసలు విశేషమున్నది.

దున్నని నేలలో గాలి తెచ్చిన లోహము పైపై వ్రేలెడు మందములోనే మిక్కిలి భాగము నిలిచిపోవును. దున్నిన పొలములో నాగటిచాలు పోయినంత లోతు కలిసిపోవును. నల్లరేగడిలో సగమునకు మించి బంకమన్ను ఉండును. బంకమన్ను రేకులు లోహమును అంటుకొనును. నల్లనేల సామాన్యముగా కొంచెము క్షారగుణము గలది. క్షారపు నేలలో సీసము, కాడ్మియము కదలక పడియుండును. ఎఱ్ఱనేలలో బంక తక్కువ, పట్టు తక్కువ. ఆమ్లము తగిలినచో దానిలోని లోహము తొందరగా వదలి, వేరునకో, బావిలోనికో ప్రయాణము కట్టును. ఇంతవరకు విన్నవారు నల్లరేగడి రైతు అదృష్టవంతుడనుకొనవచ్చును. తొందరపడరాదు. పాషాణమును, ఒక రూపములోని క్రోమియమును దీనికి విరుద్ధముగా నడుచును. క్షారపు నేలలో వానికే కాళ్లు వచ్చును. అదియును గాక, వేసవిలో రేగడి నెఱ్ఱెలు విచ్చుట మనమెఱిగినదే. పైమట్టి ఆ నెఱ్ఱెలలో రాలి, వానలు పడగానే నెఱ్ఱె పూడిపోయి, పైన నుండవలసినది మూర లోతునకు పోవును. రేగడి తన పైపొరను తానే మ్రింగు నేల. పైన పడిన దానిని గీకి తీయుదమన్నను, అది పైన ఉండదు.

మరియొక చిక్కు గలదు. భారలోహము మట్టిలో కనబడినంతనే అది పొగనుండి వచ్చినదని చెప్పరాదు. నల్లరేగడి యొక్క తల్లి దక్కను బసాల్టు శిల. ఆ శిలలో రాగి, నికెలు, క్రోమియము స్వభావసిద్ధముగానే హెచ్చు. ఎఱ్ఱనేలకు ఆధారమైన గ్రానైటులో వాని పాలు తక్కువ, సీసము కొంత ఎక్కువ. కావున ఏ పొగయు సోకని దూరపు రేగడి చేనిలోని నికెలు అంకె, కర్మాగారపు ప్రక్కనున్న ఎఱ్ఱచేని అంకె కన్న పెద్దదిగా కనుపించుట సాధ్యమే. అంకెను మాత్రమే చూచి ఒకరు బెదరుటయు, ఆ బెదురును చూపి మరియొకరు అన్నియు ప్రకృతిసిద్ధమేనని త్రోసిపుచ్చుటయు మేము రెండును విన్నాము. సరియైన పద్ధతి వేరు. ఒకే చేనిలో పైమట్టిని, మూడడుగుల లోతు మట్టిని విడివిడిగా తీసి, రెంటిని పోల్చవలెను. మూలశిలనుండి తప్ప ఇతరత్ర రాని అల్యూమినియము వంటి మూలకమును కొలబద్దగా పెట్టుకొని, దానితో సీసపు నిష్పత్తి పైన ఎంత, క్రింద ఎంత అని చూడవలెను. పైన మాత్రమే పెరిగినచో పైనుండి వచ్చినట్లే.

ఇంగ్లండులో రాథంస్టెడ్ అను చోట 1843లో మొదలుపెట్టిన పంటచేలు నేటికిని సాగుచున్నవి. ఆనాటినుండి అచ్చటివారు ఎప్పటికప్పుడు మట్టిని సీసాలలో నింపి, తేదీ వ్రాసి దాచుచు వచ్చిరి. నూరేండ్ల తరువాత పనికివచ్చునని ఎవరికి తెలియును! 1980లలో ఆ సీసాలు విప్పి పరీక్షింపగా, ఏ ఎరువును వేయని చేనిలోగూడ కాడ్మియము క్రమక్రమముగా పెరుగుచు వచ్చినట్లు తేలినది. గాలి తప్ప అది వచ్చుటకు వేరు దారి లేదు. పాశమైలారపు చేనినుండి 1974లో ఎవరైన ఒక డబ్బాడు మట్టి తీసి అటకమీద పెట్టియుండినచో, ఈనాడు ఎన్ని వాదములు తీరిపోవునో యని మాకు పలుమార్లు తోచినది. మన ఇండ్లలో తాతలనాటి బియ్యపు కుండలు, తాళపత్రములు దొరకును గాని మట్టి దొరకదు.

ఈ ప్రాంతమున నీటి కథ లోకమునకు తెలిసినది. నక్కవాగు రంగు మారినది; చెరువులు చెడినవి; నక్కవాగు పోయి కలియునది మంజీర. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. పొలములు నష్టపోయిన రైతులకు పరిహారము లెక్కకట్టబడినది. 1994లో పటాన్‌చెరువున ఉమ్మడి శుద్ధికర్మాగారము ఏర్పడినది. వ్యాజ్యము కాలక్రమమున హైకోర్టునకును, అటుపిమ్మట జాతీయ హరిత ధర్మాసనమునకును మారి, 2017లో తీర్పు వచ్చునప్పటికి ఇరువదియేడేండ్లు గడచినవి. ఈ నడుమ 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ శుద్ధికర్మాగారమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని ప్రకటింపగా ప్రపంచమంతయు ఉలికిపడినది. పటాన్‌చెరువున వైద్యవృత్తి సాగించిన డాక్టరు అల్లాని కిషన్‌రావుగారు ఈ పోరాటమున ఏండ్లతరబడి నిలిచిరి. ఈ కథ ఇంతకన్న విస్తరించి చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇది పలువురు చెప్పినదే.

మేము చెప్పదలచినది దాని ప్రక్కనున్న చిన్నకథ. నీటికి దారి యున్నది. వాగు ఏ చేనిప్రక్కగా పోయినది, ఏ కాలువ ఏ మడికి పారినది, అన్నియు పట్వారీ లెక్కలలో దొరకును. న్యాయస్థానము పరిహారము లెక్కించునపుడు సర్వే నంబర్లు చూచి, వాగు పారిన నేలలను గుర్తింపగలిగినది. గాలికి ఆయకట్టు లేదు. వాగుకు ఎగువన, మెట్టచేను గల రైతు తన చిక్కుడు ఆకు నల్లబడినదని చూపినచో, దానిని ఏ కాగితములో వ్రాయవలెనో ఏ గుమాస్తాకును తెలియదు. వాగునీరు తాగి గేదె చచ్చినచో ఊరంతయు చూచును. ఏడాదికి గోరంత చొప్పున నలుబదియేండ్లు రాలిన సీసమును ఎవ్వరును చూడరు.

చట్టము ఊరక యున్నదని మేము అనము. 2009 నవంబరులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన గాలి ప్రమాణములలో సీసముతో పాటు పాషాణము, నికెలు చోటు చేసికొన్నవి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున సీసము అర మైక్రోగ్రామును, నికెలు 20 నానోగ్రాములను, పాషాణము 6 నానోగ్రాములను మించరాదు. నానోగ్రామన గ్రామునందు నూరుకోట్లవ వంతు. ఇంత సన్నని లెక్క పెట్టినారన్న, విషయము తెలిసి పెట్టినట్లే. అదే సంవత్సరమున దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు వేసినపుడు పటాన్‌చెరువు–బొల్లారము ప్రాంతము డెబ్బది దాటి, తీవ్రముగా కలుషితమైన వానిలో చేరినది. ఈ పరీక్షలో హెచ్చు మార్కులు తెచ్చుకొనుట ఎవరికిని గౌరవము కాదు. అయితే గాలి ప్రమాణము ఈ రోజు గాలికే. నిన్నటిదాక పడినది నేలలో నున్నది. దానికి ఈ అంకె వర్తింపదు. కలుషితమైన స్థలములను గుర్తించి, పరీక్షించి, బాగుచేయుటకు ప్రత్యేకముగా నిబంధనలు మన దేశమున వెలువడినది 2025 జూలైలో. అవి ఈ చిక్కుడు పందిరివరకు ఎప్పటికి వచ్చునో వేచిచూడవలసి యున్నది.

సరే, మట్టిలోని లోహము మన కంచములోనికి ఎట్లు వచ్చును? అన్నియు ఒకేరీతి రావు. సీసము బద్ధకస్తురాలు, వేరునుండి ఆకువరకు ఎక్కుట దానికి కష్టము. ఆకుకూరలో దొరకు సీసము పెక్కుమార్లు ఆకుమీద పడిన ధూళిలోనిది. కావుననే పాలకూర, మెంతికూర, తోటకూర వంటి పరపైన ఆకులు, గరుకు ఆకులు ఎక్కువ మోయును. ఒక గిన్నెలో ముంచి తీయుట చాలదు. రెండు మూడు నీళ్లు మార్చి, చేతితో ఆడించి కడిగి, పై ఆకులు తీసివేసినచో సీసము గణనీయముగా తగ్గును. దుంపలకు తొక్క తీయవలెను. ఆ అవ్వకు మేము చెప్పిన దానిలో ఈ సగము నిజమే.

కాడ్మియము అట్లు కాదు. దానికి చలాకీ హెచ్చు. యశదమునకు చుట్టమగుటచే, మొక్క యశదమనుకొని దానిని వేరుతో పీల్చును. ఆకులోపల చేరిన దానిని ఎన్ని నీళ్లు పోసి కడిగినను పోదు. అది మన మూత్రపిండములలో చేరి పదులకొలది సంవత్సరములు కదలక కూర్చుండును. వరి సంగతి మరియు విచిత్రము. మడిలో నీరు నిలిచినపుడు పాషాణము వదలి గింజలోనికి ఎక్కును; మడి ఆరబెట్టినచో పాషాణము తగ్గి కాడ్మియము ఎక్కును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లు రైతు నడుమ నిలువవలసి వచ్చును. రెండును హెచ్చుగా నున్న నేలలో వరి మాని వేరు పైరు చూచుకొనుట మేలు. సాధారణముగా ఆకుకన్న కాయలోను, గింజలోను లోహము తక్కువ చేరును. అనుమానము గల పెరటిలో పాలకూరకు బదులు బీర, సొర, బెండ పెట్టుకొనుట తెలివి.

అన్నిటికన్న ముందు చెప్పవలసినదానిని కడపట చెప్పుచున్నాము. మట్టిలోని సీసము కూరద్వారా కన్న పిల్లల చేతులద్వారా సులువుగా కడుపులోనికి పోవును. ప్రాకు పిల్లలు నేలను ముట్టిన చేతిని నోటబెట్టుకొందురు. పెద్దల కడుపు సీసమును చాలవరకు విసర్జించును. పసివారి కడుపు దానిలో సగమువరకు గ్రహింపగలదు. ఎదుగుచున్న మెదడు దానికి లోబడును. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు లేనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బిడ్డకు జ్వరము రాదు, దద్దురు లేవదు. చదువులో కొంచెము వెనుకబడును, అంతే. ఆ వెనుకబాటును తల్లి తన నొసటివ్రాత యనుకొనును, బడిపంతులు బద్ధకమనుకొనును.

కావున ఇల్లాండ్రకు మా మనవి. పొడిచీపురుతో ఊడ్చుటకు ముందు నీళ్లు చల్లుడు. గచ్చునేలయైన తడిగుడ్డతో తుడువుడు. అన్నమునకు ముందు పిల్లల చేతులు సబ్బుతో కడుగుడు. కర్మాగారములో పనిచేసి వచ్చిన మగవారి బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉదుకకుడు. పిల్లలాడు చోట ఉత్తమట్టి లేకుండ గరిక పెంచుడు. పాత బ్యాటరీలు, తీగెలు, రబ్బరు చక్రములు పెరటిలో కాల్చుట వలదు; పేటను తిట్టుచు మనమే ఒక చిన్న పొగగొట్టమును పెరటిలో నిలుపుకొనుట ఏమి న్యాయము?

పొలమునకు చేయదగినవి కొన్ని కలవు. పశువుల ఎరువు, కంపోస్టు హెచ్చుగా వేసినచో లోహము దానిని పట్టుకొని కదలక యుండును. ఆమ్లగుణము గల ఎఱ్ఱనేలలో సున్నము కలిపినచో కాడ్మియము అణగును. అయితే పాషాణమున్నచోట సున్నము మేలు చేయదు. ఆవాల మొక్క లోహమును పీల్చుకొనునని, దానిని పెంచి నేలను శుభ్రము చేయవచ్చునని పత్రికలలో తరచు చదువుచుందుము. పాషాణమును విపరీతముగా పీల్చు ఒక ఫెర్ను మొక్కను 2001లో అమెరికాలోని ఫ్లారిడాలో కనుగొనిరి. ఇవి నిజములే. కాని ఒక పంటకు నేల శుభ్రపడదు, ఏండ్లు పట్టును. ఆ యేండ్లన్నియు రైతు ఆ చేనిలో తినదగినది పండింపరాదు. కోసిన ఆ మొక్కను పశువుకు వేయరాదు, పొయ్యిలో పెట్టరాదు. ఆ కాలమున అతని కుటుంబము ఏమి తినవలెనో చెప్పకుండ ఈ పద్ధతిని పొగడువారితో మాకు పొత్తు కుదరదు.

ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు మేము మరల ఆ పల్లెకు పోయితిమి. దిద్దుకొనవలసిన మాటను రేడియోలో చెప్పుటకు ముందు ఆమెకు చెప్పుట మర్యాద యనిపించినది. అవ్వ అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్నది. మేము చెప్పినదంతయు విన్నది. "గట్లయితె మా మట్టిని గవర్మెంటోళ్లు చూసిన్రు గద బిడ్డా, కారటు గూడ ఇచ్చిన్రు" అని మనుమరాలిని లోపలికి పంపినది. తొమ్మిదవ తరగతి చదువు ఆ పిల్ల దూలమునకు చెక్కిన ఒక కాగితము తెచ్చినది. అది 2015లో దేశమంతట మొదలుపెట్టిన భూసార పరీక్షా పత్రము. మంచి పథకమే, ఎంత ఎరువు వేయవలెనో రైతునకు చెప్పుటకు ఉద్దేశింపబడినది. అందు పండ్రెండు గడులున్నవి. పిల్ల చదివినది: ఆమ్ల క్షార సూచిక, లవణములు, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను. జింకు గడిలో తక్కువ అని యున్నది. ఎకరమునకు ఇన్ని కిలోల జింకు సల్ఫేటు వేయవలెనని క్రింద సలహా యున్నది.

ఆ పరీక్ష మొక్కకు అందు జింకును కొలుచును గాని మట్టిలోని మొత్తము జింకును కొలువదు. రెండును ఒకటి కావు అని మేము వివరింపబోతిమి. అవ్వకు ఆ తేడాతో పని లేకపోయినది. ఆమె పిల్ల చేతిలోని కాగితము వైపు చూచుచు, "సీసం ఏ గడిల ఉన్నదే?" అని అడిగినది.

పిల్ల కాగితమును మొదటినుండి మరియొకసారి చదువసాగినది.